కావలి గడియారం చదివిన మనిషి

మా మనవడికి ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉంది. పోయిన నెలలో అంగడికి కెమెరాలు పెట్టించాలనుకున్నాడు. ఏవి తీసుకోవాలో చెప్పమని నన్ను కూడా లాక్కెళ్లాడు. "నువ్వు మిల్లులో గోడౌన్లు చూసినోడివి గదా తాతా, నీకు తెలుస్తాది" అన్నాడు. నాకు ఎనభై దాటాయి. మిల్లు మూతపడి ఎన్నేళ్లయిందో లెక్క పెట్టుకోవడం కూడా మానేశాను. అయినా పిలిచాడు కదా అని పోయి కూర్చున్నాను.

కెమెరాలు అమ్మే ఆయన బల్ల మీద సామాను పరిచాడు. పైకప్పుకు బిగించే గుండ్రటివి, బయట గోడకు పెట్టే పొడుగువి, అన్నిటి తీగలూ వచ్చి కలిసే ఒక నల్ల డబ్బా. ఒకటి చీకట్లో కూడా చూస్తుందట. ఇంకొకటి మాటలు కూడా పట్టుకుంటుందట. డబ్బా నెల రోజుల బొమ్మలు దాచుకుంటుంది, పెద్దది తీసుకుంటే మూడు నెలలు. నాలుగా ఎనిమిదా, నెలా మూడు నెలలా అని మావాడు తల పట్టుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఈ డబ్బాలో పడిందంతా పొద్దున్నే కూర్చోని చూసేది ఎవురప్పా?"

"రోజూ ఎవురు చూస్తారు తాతా? ఏమన్నా జరిగితే అప్పుడు ఎనిక్కి తిప్పి చూసుకుంటారు" అన్నాడాయన నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. మీకు నచ్చింది తీసుకోండని చెప్పి ఇంటికొచ్చి పడుకున్నాను. కునుకు పట్టలేదు. రోజూ చూసిన మనిషి ఒకాయన కళ్లముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన గురించి ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది. అది నాకు గౌరవం తెచ్చేది కాదు.

అప్పుడు కర్నూలు మనకు రాజధాని. నేను ప్రొద్దుటూరులోనే ఒక పత్తి మిల్లులో గోడౌను గుమాస్తాను. ఆయన పెద్ద గుమాస్తా. జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టాడు. మంత్రాలు గొంతుకు పట్టలేదని, అంకెలు పట్టాయని తనే చెప్పేవాడు. భార్య పోయింది. కొడుకూ కోడలూ జమ్మలమడుగులో ఉండేవారు. శనివారం సాయంత్రం బస్సెక్కి పోయేవాడు, సోమవారం మొదటి బస్సుకు దిగేవాడు. దిగిన మనిషి నేరుగా మిల్లుకొచ్చి, కుర్చీలో కూలబడి, కళ్లు మూసుకుని, "ఇంగొక వారం" అనేవాడు. అది ఎవరితో అన్నాడో తెలిసేది కాదు. ఆ మాట అన్నాక పని మొదలుపెడితే శనివారం దాకా అలసట అన్న మాట ఎత్తేవాడు కాదు. మొహం మాత్రం ఎప్పుడూ సగం నిద్రలోంచి లేపినట్టే ఉండేది.

ఆయనతో మాట్లాడటం మాకు పెద్ద ఇబ్బంది. "నిన్న రాత్రి గట్టిగా వాన పడిందయ్యా" అంటే, "నువ్వు తడిసినావా, శబ్దం విన్నావా, పొద్దున నేల చూసినావా?" అని అడిగేవాడు. వెటకారం అనుకుని మొదట్లో నేను నొచ్చుకున్నాను. వెటకారం కాదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలి. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు. మూడూ కలిపి చెప్పేవాళ్లను చూస్తే ఆయనకు పంటికింద రాయి పడినట్టుండేది. "చూసిందే రాయి. అనుకున్నది నీ దగ్గరే పెట్టుకో" అని నా పుస్తకం మీద ఎన్నిసార్లు వేలు పెట్టి చెప్పాడో.

మిల్లుకు తాళాలు కొన్నా, గడియలు కొన్నా ఆయనే కొనాలి. తాళాలు బాగుచేసే ముసలాయన ఒకడు బజారులో ఉండేవాడు. కొత్త తాళం కొనేముందు దాన్ని ఆయన చేతిలో పెట్టి, చెవి లేకుండా తీయమనేవాడు. తీస్తున్నంతసేపూ పక్కన నిలబడి తన జేబుగడియారం చూసుకునేవాడు. అన్నిటికన్నా ఆలస్యంగా తెరుచుకున్న తాళం కొనేవాడు. తాళం అమ్మేవాళ్లకు ఇది నచ్చేది కాదు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

కాపలా మనిషిని కూడా అట్లాగే తెచ్చాడు. పాత కాపలాదారు మానేశాక మిల్లు యజమాని సావుకారు ఇద్దరు ముగ్గురు పహిల్వాన్లను చూపించాడు. ఈయన వద్దన్నాడు. ఒక రోజు సెలవు పెట్టి పులివెందుల సంతకు పోయి, గొర్రెలు అమ్ముకునేవాళ్ల మధ్య పొద్దంతా తిరిగి, లింగాల పక్క పల్లెకు చెందిన ఒక గొర్రెలాయనను వెంటబెట్టుకొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. జబ్బొచ్చి మంద సగం పోతే, మిగిలిన సగం ఆ రోజు సంతలో అమ్మేశాడట. సావుకారు ఎగాదిగా చూసి, "ఏం సామీ, ఈయన్ను చూస్తే దొంగలు భయపడతారా?" అన్నాడు.

"దొంగలు భయపడేది నాకు తెలీదు సావుకారూ. నేను చూసింది చెప్తా. ఈయన జీవాలన్నీ అమ్మేసి దుడ్లు మూటగట్టుకున్నాడు. అయినా సంతలో యాడ గొర్రె అరిచినా తల తిప్పుతాండాడు" అన్నాడు.

సావుకారు సరేనన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి మద్రాసు నుంచి ఇన్సూరెన్సు వాళ్ల ఉత్తరం వచ్చింది. పత్తికి నిప్పు భయం ఎక్కువ కాబట్టి, కాపలాదారు రాత్రంతా తిరిగాడని రుజువు చూపించే గడియారం పెట్టుకోవాలట. లేదంటే పాలసీ కొనసాగించరట. పది రోజుల్లో ఆ గడియారాలు అమ్మే ఏజెంటు ఎర్రగుంట్లలో రైలు దిగి, మూడు పెట్టెలతో మా ఆఫీసుకొచ్చాడు.

ఒకటి గోడకు బిగించేది. కాపలాదారు గంటకోసారి వచ్చి పిడి లాగాలి. రెండోది పొడుగాటి కాగితపు చుట్ట మీద అచ్చు గుద్దేది, సన్నికల్లంత బరువు. మూడోది తోలు సంచీలో పెట్టి భుజాన వేసుకునేది. దీనికి మిల్లు ఆవరణలో ఆరుచోట్ల గోడకు గొలుసుతో ఆరు తాళంచెవులు వేలాడదీస్తారు. కాపలాదారు ఒక్కొక్క చోటికీ పోయి, అక్కడి చెవిని గడియారంలో పెట్టి తిప్పితే, లోపలున్న గుండ్రటి కాగితం మీద ఆ చోటి అంకె, ఆ టైము దగ్గర ముద్ర పడుతుంది. గడియారం మూత తెరిచే చెవి మాత్రం ఆఫీసులో ఉంటుంది. ఏజెంటు కోస్తావైపు మనిషి, గడగడా చెప్పుకుపోయాడు. సావుకారు కన్ను గోడ గడియారం మీద పడింది, అది అన్నిటికన్నా ఠీవిగా ఉంది.

పెద్ద గుమాస్తా ఏజెంటును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎండలో బావి దగ్గర కూర్చున్న గొర్రెలాయనను పిలిపించాడు. మొదట చుట్ట గడియారం ఎత్తించి ఆవరణ చుట్టూ ఒక తిరుగుడు తిప్పించాడు, తర్వాత తోలు సంచీది. వెంట తానూ గొడుగు పట్టుకుని నడిచాడు. మిట్టమధ్యాహ్నం అది చూసి మిల్లులో ఆడవాళ్లు పని ఆపి నవ్వారు.

"యాడ నొస్తాండాదప్పా?"

"మొదటిది మెడకాడ పీకె సామీ. ఇదైతే గొర్రెపిల్లను మోసినట్టుండాది."

"గోడది వద్దా?"

"అది గోడకాడ నాకు కావిలి గాస్తాది గానీ మిల్లుకు యాడ గాస్తాది సామీ?"

పెద్ద గుమాస్తా లోపలికొచ్చి చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, "తోలుసంచీది" అన్నాడు. ఏజెంటు అప్పటికింకా గోడ గడియారం గొప్పలు చెబుతూనే ఉన్నాడు.

మొదటి వారం కాగితాలు చూసి సావుకారు మండిపడ్డాడు. ముద్రలు చాలానే ఉన్నాయి, అవసరానికి మించే ఉన్నాయి. కానీ ఒక వరసంటూ లేదు. ఒకటో చోటి తర్వాత ఐదు, ఐదు తర్వాత మళ్లీ ఐదు, తర్వాత రెండు. ఒక రాత్రి విత్తనాల గోడౌను దగ్గరే ఏడుసార్లు. గొర్రెలాయనను అడిగితే ఆశ్చర్యపోయాడు. "ఆడ కుక్కలు మొరిగె సామీ, పోతి. మళ్లా మొరిగె, మళ్లా పోతి. మందకాడ అట్లనే గదా. అలికిడి యాడుంటే ఆడ ఉండల్ల."

పెద్ద గుమాస్తా ఆ మాట విని కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆయనకు ఆ పద్ధతే సరైందని తోచిందని నేను ఇప్పుడు అనుకుంటాను. అనుకున్నది రాయొద్దన్నాడు ఆయన, అయినా ఈ ఒక్కటీ రాస్తున్నాను. కాగితాలు పంపితే మద్రాసు వాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా తిరగాలి, గంటకొక తిరుగుడు, వరస తప్పితే ఆ రాత్రి కాపలా లేనట్టే అని రాశారు. కాపలా నిబంధనలన్నీ ఒక కాగితం మీద సంతకం పెట్టి పంపించి గేటు దగ్గర తగిలించమన్నారు. సావుకారు గొర్రెలాయనను తీసేయమన్నాడు.

"వారం రోజులియ్యండి. నేను నేర్పిస్తా" అన్నాడు పెద్ద గుమాస్తా.

ఆ వారం రోజూ సాయంత్రం ఇద్దరూ ఆవరణ చుట్టూ తిరిగారు. గొర్రెలాయనకు అంకెలు రావు. ఆరు చెవులకూ ఆయన తన గొర్రెల పేర్లు పెట్టుకున్నాడు. గేటు దగ్గరిది నల్లది, బావి దగ్గరిది బొల్లిది, ఆఖరుది, దూది గోడౌను దగ్గరిది, కొమ్ములది. పెద్ద గుమాస్తా కూడా నవ్వకుండా ఆ పేర్లే వాడాడు. చివరిరోజు గేటు దగ్గర నిలబడి ఆయన చెప్పిన మాట నేను విన్నాను.

"వరస తప్పితే కాగితం చెడిపోతాది. కాగితం చెడితే నీ పని పోతాది, నా మాట పోతాది. ఏమైనా గానీ, ఆకాశం ఇరిగి మీద పడినా గానీ, వరస తప్పొద్దు."

"తప్పను సామీ" అన్నాడు గొర్రెలాయన. అన్నట్టే తప్పలేదు.

ఇక అక్కడినుంచి పెద్ద గుమాస్తాకు పొద్దున పని మొదలయ్యేది ఆ కాగితంతోనే. ముందు బావి దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకునేవాడు. గడియారం మూత తీసి, కాగితం అంచులు ముట్టుకోకుండా ఎత్తి, కిటికీ దగ్గరికి పోయి అరచేతిలో పెట్టుకుని నిదానంగా తిప్పుతూ చదివేవాడు. నేనైతే ఆరు అంకెలు వరసగా ఉన్నాయా లేదా అని చూసి పక్కన పడేసేవాణ్ని. ఆయన ఒక్కో కాగితానికి పావుగంట తీసుకునేవాడు. ముద్రకూ ముద్రకూ మధ్య ఎడం చూసేవాడు. ముద్ర ఎంత లోతుగా పడిందో వేలితో తడిమేవాడు.

"బావికాడి నుంచి దూది బేళ్లు కట్టే ప్రెస్సు కాడికి నిన్న ఐదు నిమిషాలు ఎక్కువ పట్టింది" అన్నాడొకసారి.

"నిద్రపోయుంటాడులెండి" అన్నాను.

"నువ్వు చూసినావా? నేను చూసింది ఐదు నిమిషాలు. ఎందుకో వాణ్ణే అడగల్ల."

పిలిచి అడిగితే మోకాలు వాచి ఉంది. ఆ సాయంత్రమే వైద్యుడి దగ్గరికి పంపించాడు. ఇంకోసారి ముద్రలన్నీ వరసలోనే ఉన్నాయి కానీ పైపైన పడ్డాయి, చెయ్యి సరిగ్గా తిప్పనట్టు. అడిగితే గొర్రెలాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఊళ్లో భార్యకు జ్వరం తగ్గడం లేదని కబురొచ్చిందట, సెలవడిగితే వరస చెడుతుందని అడగలేదట. రెండు రాత్రులు ప్రెస్సులో పనిచేసే ఆయనను కాపలాకు పెట్టి, గొర్రెలాయనను లింగాల బస్సెక్కించారు. మా అందరి జీతాలూ సెలవులూ రాసే ఆ మనిషికి మాలో ఎవరి ఇంట్లో ఏముందో తెలియదు. చీకట్లో ఒంటరిగా తిరిగే ఆ మనిషి గురించి మాత్రం అంతా తెలిసేది. నాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మిల్లులో దూది గోడౌనుకు ఆనుకుని రేకుల షెడ్డు ఒకటి ఉండేది. సీజనులో లింగాల, పులివెందుల పక్క పల్లెల నుంచి పత్తి ఏరడానికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ముప్పైమందికి తక్కువ ఉండరు. చంటిపిల్లలతో సహా ఆ షెడ్డులోనే వండుకుని, ఆ షెడ్డులోనే పడుకునేవాళ్లు. సీజను అయిపోగానే మూటలు కట్టుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండో ఏడో మూడో ఏడో, ఆడవాళ్లు వెళ్లిపోయిన పది రోజులకు, మిల్లులో నిప్పు లేచింది. నేను పొద్దున వచ్చేసరికి అంతా అయిపోయింది. దూది గోడౌను సగం బూడిద. షెడ్డు రేకులు వంకర్లు తిరిగి నేలమీద పడి ఉన్నాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కడవలతో నీళ్లు పోసి ఆర్పారట. గొర్రెలాయన రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. కాలుతున్న బేళ్లను చేతుల్తోనే ఈడ్చాడు.

పెద్ద గుమాస్తా ఆ రోజు కూడా చేతులు కడుక్కుని గడియారం తెరిచాడు. కాగితం నాకూ చూపించాడు. నిప్పు లేచేదాకా ఒక్క ముద్ర తప్పలేదు. నిప్పు లేచిన తిరుగుడులో కూడా ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, తీర్చిదిద్దినట్టు ఉన్నాయి. ఆయన మొహం పాలిపోయింది. నన్ను వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పోయి గొర్రెలాయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పొగ వాసన నీకు యాడ తగిలిందప్పా?"

"బొల్లిదాని కాడ సామీ."

బొల్లిది అంటే రెండోది, బావి దగ్గరిది. అక్కడి నుంచి అడ్డంగా పరిగెత్తితే దూది గోడౌనుకు రెండు నిమిషాలు. చుట్టూ వరసగా పోతే అరగంట.

"మరి అప్పుడే ఎందుకు పోలేదు?"

"ఇంగా మూడుండె గదా సామీ మధ్యలో. అవి తిప్పుకోని పోతి." గొర్రెలాయన ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో నిష్ఠూరమేమీ లేదు. "కాళ్లు ఆపక్కకే లాగినాయి సామీ. ఆపుకుంటి. ఏమైనా గానీ వరస తప్పొద్దని నువ్వే చెప్పింటివి గదా."

పెద్ద గుమాస్తా లేచాడు. షెడ్డు వైపు తిరిగి, వంకరపోయిన రేకులను చూస్తూ, "పదిరోజులప్పా. పదిరోజులు ముందైతే" అన్నాడు.

వారానికి ఇన్సూరెన్సు తరపున మద్రాసు నుంచి ఒకాయన నష్టం చూడటానికి వచ్చాడు. ఆఫీసు గదిలో సావుకారు, ఆయన, పెద్ద గుమాస్తా, నేను. గొర్రెలాయన గుమ్మం దగ్గర. వచ్చినాయన ఆ రాత్రి కాగితం చూసి ముచ్చటపడ్డాడు. ఇంత పద్ధతిగా కాపలా కాసిన మిల్లును తాను చూడలేదన్నాడు. డబ్బు విషయంలో అనుమానమే అక్కర్లేదన్నాడు. మీ గేటు దగ్గరున్న నిబంధనలను తక్కిన మిల్లులకు కూడా పంపిస్తామన్నాడు. సావుకారు మొహం వెలిగిపోయింది.

అప్పుడు పెద్ద గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ గేటుకాడి కాగితంలో ఒక మాట చేర్చల్ల. పొగ వాసన వస్తే గడియారం ఆన్నే పారేసి పరిగెత్తల్ల అని."

"ఎందుకు? మీవాడు ఏ లోపమూ చేయలేదుగా?" అన్నాడు మద్రాసాయన.

పెద్ద గుమాస్తా ఉన్నదున్నట్టు చెప్పాడు. బొల్లిదాని దగ్గర వాసన రావడం, వరస కోసం ఆగడం, అరగంట పోవడం. "ఆలస్యం వానిది కాదు. ఏమైనా గానీ అన్నది నేను. అది నా తప్పని రాసిస్తా. ఆ షెడ్డులో మళ్లా సీజనుకు ఆడోళ్లు పండుకుంటారు. తక్కిన మిల్లుల్లోనూ పండుకుంటారు. ఈ కాగితం ఇట్లనే పంపిస్తే..."

మద్రాసాయన కలం మూత పెట్టేశాడు. "నిప్పు సంగతి ముందే తెలిసి అరగంట ఊరుకున్నారంటే నేను వేరేగా రాయాల్సి వస్తుంది" అన్నాడు మెల్లగా.

సావుకారు నవ్వడానికి ప్రయత్నించాడు. "సామికి ఎండ దెబ్బ తగిలింది సార్. వారం నుంచి నిద్రల్యా." గుమ్మం వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఏమప్పా, నీకు ముందే వాసన వచ్చిందా?"

గొర్రెలాయన సావుకారును చూశాడు, పెద్ద గుమాస్తాను చూశాడు, గుడ్డలు చుట్టిన తన చేతులు చూసుకున్నాడు. "రాలేదు దొరా. కొమ్ములదాని కాడికి పోయినాకనే తెలిసె" అన్నాడు. తన పని కాపాడుకోవడానికి అన్నాడో, పెద్ద గుమాస్తా మీదికి తప్పు రాకుండా అన్నాడో నాకు ఈరోజుకీ తెలియదు.

సావుకారు నావైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉంటివంట గదా. నువ్వేమన్నా విన్నావా?"

పెద్ద గుమాస్తా నన్ను చూశాడు. బతిమాలే చూపు కాదు. తడిసినావా, విన్నావా అని అడిగేటప్పటి చూపే. నాకు ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో. పెద్ద గుమాస్తా పోతే ఆ కుర్చీ ఎవరిదో కూడా ఆ క్షణంలో నా బుర్రకు తట్టింది. ఇంత వయసొచ్చాక అది దాచి ఏం లాభం?

"నేను ఆపక్క బేళ్ల మీద నీళ్లు పోయిస్తాంటి. ఏమీ వినలేదు సావుకారూ" అన్నాను.

ఆయన వాదించలేదు. కుర్చీలో నెమ్మదిగా కూర్చుని, "సరే. అయితే నేనొక్కణ్ణే విన్నా. నా పేరు మీదే రాసుకోండి" అన్నాడు. మద్రాసాయన ఏదీ రాసుకోలేదు. ఆ మాట కాగితంలో చేరలేదు.

ఆ శనివారం సావుకారు ఆయనను కొన్నాళ్లు ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. బస్సుకు పోయేముందు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి గడియారం మూత తెరిచే చెవి పెట్టాడు. నేను తలెత్తలేదు. "గేటుకాడ ఆ మాట రాపిచ్చప్పా. సీజనుకు ఆడోళ్లు మళ్లా వస్తారు" అన్నాడు. ఇంకేమైనా అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. రాయిద్దామనే అనుకున్నాను, అబద్ధం కాదు. సావుకారును అడిగాను. "అది ఇన్సూరెన్సు వాళ్లు సంతకం పెట్టిన కాగితం. దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు. రెండోసారి అడగలేదు. పోనీ నోటితోనైనా చెబుదామని గొర్రెలాయనను పిలిచి, వాసనొస్తే వరస సంగతి చూడకుండా పరిగెత్తమన్నాను. అప్పటికి ఆయన చేతులు మానాయి, తోలు ముడతలు పడి బిగుసుకుపోయాయి.

"కాగితంలో ఉండాదాప్పా ఆ మాట?" అన్నాడు.

"లేదు. నేను చెప్తాండా గదా."

"సామి చెప్పిన మాటను ఆ పొద్దు ఎవురు నిలబెట్టినారప్పా? నేనూ నిలబెట్టల్యా, నువ్వూ నిలబెట్టల్యా. రేపు నేను వరస తప్పినాక, నువ్వే చెప్పినావని సావుకారుతో చెప్తావా?"

ఆయన సంచీ భుజాన వేసుకుని గేటు వైపు వెళ్లిపోయాడు. ఆ ఏడూ, మరుసటేడూ కూడా ముద్రలు ఒకటి నుంచి ఆరు దాకా వరసగా పడుతూనే ఉన్నాయి. సీజనులో షెడ్డు కొత్త రేకుల కింద ఆడవాళ్లు పిల్లల్ని పక్కనేసుకుని పడుకున్నారు. ఆ నెలలు నాకు ఇంట్లో కంటిమీద కునుకుండేది కాదు. మా ఆవిడ పైత్యమనుకుని కషాయాలు కాచి ఇచ్చేది. మిల్లు మూతపడేదాకా ఆ మాట గేటు దగ్గరకు రాలేదు. మళ్లీ నిప్పు లేవలేదు. అందులో మా గొప్పేమీ లేదు.

ఆయనను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. పత్తి బేరం మీద జమ్మలమడుగు పోయినప్పుడు, ఆయన బతికుండగానే ఒకసారి క్షమాపణ అడగాలని వెతుక్కుంటూ ఇంటికి పోయాను. ఆ తర్వాత రెండు నెలలకే ఆయన కాలం చేశాడని విన్నాను. నేను పోయేసరికి నడవలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు కళ్లకూ పొర కమ్మింది. నా గొంతు వినగానే గుర్తుపట్టి, చాప మీద పక్కన చోటు చూపించాడు. అడగాలనుకున్న క్షమాపణ గొంతులోనే ఉంది. ఈలోపల ఆయనే అడిగాడు.

"ఆ మాట రాపిచ్చినావా?"

"రాయించానయ్యా" అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు. నోరు దానంతట అదే అంది.

"ఏమని రాపిచ్చినావు? చెప్పు."

"పొగ వాసన వస్తే గడియారం ఆన్నే పారేసి పరిగెత్తల్ల అని."

"వాసన వస్తే అనేనా? అనుమానం వస్తే అని రాయలేదు గదా?"

"లేదయ్యా. వాసన వస్తే అనే."

"మంచిపని. అనుమానమంటే వాళ్లు ఆలోచిస్తా నిలబడతారు." ఆయన తల గోడకు ఆనించి, చాలా రోజుల బరువు దింపినట్టు ఊపిరి వదిలాడు. మొహంలో ఎప్పుడూ ఉండే ఆ అలసట కొంచెం సడలింది. ఆ మొహం అట్లా ఉండటం నేను చూడటం అదే మొదలు. తడుముకుని నా చెయ్యి పట్టుకుని, లోపలికి వినబడేలా కోడలిని పిలిచాడు. "అమ్మా, నేను చెప్తాంటానే, మిల్లులో నా మాట నిలబెట్టినాయన, ఈయనే. ఆకు వెయ్యమ్మా."

క్షమాపణ ఇంక దేనికని అడగను? ఆమె ఆకు వేసింది. ఆ పూట వాళ్లింట్లో కడుపునిండా భోంచేసి, సాయంత్రం బస్సుకు ప్రొద్దుటూరు వచ్చేశాను.